బొగ్గు బస్తాలు, కాంక్రీటు గోడ, ఎర్ర ఫోను: ప్రచ్ఛన్న యుద్ధంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ప్రచ్ఛన్నం అంటే చాటుగా ఉన్నది కదా. అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య అంత బాహాటంగా సాగిన పోరును ప్రచ్ఛన్న యుద్ధం అనడం సబబేనా?

జవాబు: గూఢచారుల వరకైతే సబబే. మాస్కో రెడ్ స్క్వేర్‌లో క్షిపణులను ఊరేగించడంలో మాత్రం చాటేమీ లేదు. ‘కోల్డ్’ అన్నది ఇక్కడ తుపాకులు పేలని అన్న అర్థంలో వచ్చింది. అమెరికా అధ్యక్షులకు సలహాదారుగా పనిచేసిన బెర్నార్డ్ బరూక్ 1947 ఏప్రిల్ 16న దక్షిణ కరోలినాలో మాట్లాడుతూ ఈ మాట వాడాక పత్రికలు అందిపుచ్చుకున్నాయి. ‘శీతల యుద్ధం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అర్థానికి అదే దగ్గర, చెవికి మాత్రం ప్రచ్ఛన్నమే అలవాటైంది. కొరియాలోనూ వియత్నాంలోనూ పోయినవాళ్ల లెక్కలో చూస్తే ఆ రెండు మాటలూ నప్పవు.

ప్రశ్న: 1948లో పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు మూసేసిన సోవియట్లు విమానాలను ఎందుకు వదిలేశారు?

జవాబు: ఒక కాగితం వల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాలుగు మండలాలుగా పంచుకున్నాయి, బెర్లిన్‌నూ అలాగే. మొదటి మూడు దేశాల వాటాయే పశ్చిమ బెర్లిన్. కానీ బెర్లిన్ నగరం సోవియట్ మండలంలో, పశ్చిమ మండలాల సరిహద్దుకు 160 కిలోమీటర్లకు పైగా లోపల ఉంది. రోడ్డు, రైలు వాడుకోవడానికి 1945లో పశ్చిమ సేనలకు దొరికింది నోటిమాటే. గగన మార్గాలకు మాత్రం ఆ ఏడాది నవంబరులో రాతకోతలు జరిగాయి. హాంబర్గ్, హానోవర్, ఫ్రాంక్‌ఫర్ట్ వైపుల నుంచి మూడు దారులు, ఒక్కొక్కటి 20 మైళ్ల వెడల్పు.

1948 జూన్ 20న పశ్చిమ మండలాల్లో కొత్త డాయిష్ మార్క్ చలామణీలోకి వచ్చింది. దాన్ని ఒప్పుకోని సోవియట్లు రోడ్లు, రైళ్లు ఆపేయడంతో జూన్ 24కల్లా దిగ్బంధం బిగుసుకుంది. పట్టాలకు ‘సాంకేతిక ఇబ్బంది’ వచ్చిందని చెప్పి రైలును ఎన్నాళ్లయినా నిలబెట్టవచ్చు. ఎగురుతున్న విమానానికి ఆ సాకు చెల్లదు, ఆపాలంటే కాల్చాలి. కాలిస్తే యుద్ధం మొదలుపెట్టిన పాపం కాల్చినవాడిది. పైగా ఇరవై లక్షల జనాన్ని గాలిలోంచి పోషించడం అయ్యే పని కాదన్నది మాస్కో అంచనా. మొదటి వారాలు చూస్తే ఆ అంచనాను తప్పుపట్టలేం. ఇంకో విచిత్రం: నాలుగు దేశాల అధికారులు కలిసి నడిపే బెర్లిన్ గగన భద్రతా కేంద్రంలో సోవియట్ అధికారులు ఆ రోజుల్లోనూ పని మానలేదు.

ప్రశ్న: రోజుకు ఎంత సరుకు కావలసి వచ్చింది? బొగ్గు కూడా విమానాల్లోనే మోశారా?

జవాబు: మోసిన దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు బొగ్గే. తిండికి రోజుకు సుమారు 1,500 టన్నులు, బొగ్గూ తక్కినవీ కలిపితే 4,500 టన్నులు అవసరమని లెక్క వేశారు (అమెరికా టన్ను అంటే 907 కిలోలు). తిండి జాబితా చూస్తే ఎంత పిసినారి లెక్కో తెలుస్తుంది: గోధుమలు, పిండి 646 టన్నులు, మాంసం, చేపలు 109, చక్కెర 180, ఎండబెట్టిన బంగాళాదుంపలు 180, ఎండు కూరగాయలు 144, ఉప్పు 38, కాఫీ 11, పిల్లలకు వెన్న తీయని పాలపొడి 5. పచ్చి దుంపలో అయిదింట నాలుగు వంతులు నీళ్లే, ఆ నీళ్లకు పెట్రోలు ఎవరు తగలేస్తారు? రొట్టెకు బదులు పిండి, ఈస్ట్ పంపడంలోనూ ఇదే లెక్క.

మొదట దొరికిన సీ-47 విమానం మోసేది మూడున్నర టన్నులు. అంటే రోజుకు దాదాపు 1,300 రాకలు కావాలి. సీ-54 పది టన్నులు మోస్తుంది గనుక 450 చాలు. మూడు నిమిషాలకొకటి దిగితే 24 గంటల్లో 480 దిగుతాయి. జులై చివర్లో ఈ సరఫరా పగ్గాలు చేపట్టిన అమెరికా జనరల్ విలియం టన్నర్ పట్టుదల అంతా ఆ మూడు నిమిషాల మీదే.

ఆగస్టు 13న అది తలకిందులైంది. వాన, కిందికి దిగిన మబ్బులు. పశ్చిమ బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో ఒక సీ-54 రన్‌వే దాటిపోయి తగలబడింది, దాని వెనక వచ్చినదాని టైర్లు పేలాయి. మిగతావన్నీ ఒకదాని మీద ఒకటిగా మబ్బుల్లో చక్కర్లు కొట్టసాగాయి. వాటిలో ఒకదాంట్లో టన్నరే ఉన్నాడు! ఆ తర్వాత వచ్చిన నిబంధన: దిగే ప్రయత్నం ఒక్కసారే, తప్పితే సరుకుతోనే వెనక్కి. చుట్టూ తిరిగి మళ్లీ ప్రయత్నిస్తే వెనక వస్తున్న వరస మొత్తం చెడుతుంది. పక్క దారులు రెండూ రాకకు, నడిమిది పోకకు కేటాయించారు. ఆకాశం ఎంత తేటగా ఉన్నా పరికరాలు చూసుకునే ఎగరాలి. బెర్లిన్‌లో దిగిన పైలట్ విమానం వదిలి వెళ్లకూడదు, కాఫీ బండి అతని దగ్గరికే వచ్చేది.

బొగ్గుతో వచ్చిన తంటా దుమ్ము. సైనికుల గుడ్డ సంచుల్లో నింపితే నేత సందుల్లోంచి కారి, విమానం నేల కిందికి దిగి, కంట్రోల్ తీగల మీదా విద్యుత్ అతుకుల దగ్గరా పేరుకునేది. సంచులు తడిపి చూశారు, కాగితపు సంచులకు మారారు. దుమ్ము తగ్గింది గానీ పోలేదు. ఉప్పు ఇంకా మొండిది, లోహాన్ని తినేస్తుంది. అందుకే బ్రిటిష్ వాళ్లు సండర్లాండ్ ఎగిరే పడవలను తెచ్చారు. సముద్రం మీద తిరగడానికి చేసినవి కాబట్టి తుప్పు పట్టకుండా పూత ఉంటుంది, కంట్రోల్ తీగలు పైకప్పు వెంబడి పోతాయి. అవి హావెల్ సరస్సు మీద దిగేవి. చలికాలంలో మంచు గడ్డకట్టే భయంతో వాటిని ఆపేసి, హాలిఫాక్స్ విమానాల పొట్ట కింద పెట్టెలు తగిలించి ఉప్పు తెచ్చారు. పశ్చిమ బెర్లిన్‌లోనే టేగెల్ అనేచోట కొత్త రన్‌వే వేయడానికి కావలసిన భారీ యంత్రాలు ఏ విమానంలోనూ పట్టకపోతే, గ్యాస్ మంటతో ముక్కలుగా కోసి తెచ్చి అక్కడ మళ్లీ అతికారు. కూలిన ఇళ్ల శిథిలాలే ఆ రన్‌వేకు కంకర.

1949 ఏప్రిల్ మధ్యలో ఒక్కరోజులో 1,398 విమానాలు 12,941 టన్నులు దించాయి. మే 12న దిగ్బంధం ఎత్తేశారు. నిల్వల కోసం సెప్టెంబరు చివరిదాకా ఎగురుతూనే ఉన్నారు. మొత్తం 23 లక్షల టన్నులు.

ప్రశ్న: బెర్లిన్ గోడ రెండు జర్మనీల మధ్య సరిహద్దేనా?

జవాబు: కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. దేశాల మధ్య సరిహద్దు కంచె వేరు. గోడ పశ్చిమ బెర్లిన్‌ను చుట్టూ కట్టేసింది: పొడవు సుమారు 155 కిలోమీటర్లు, అందులో నగరం మధ్యలో పోయేది 43. 1961 ఆగస్టు 13, ఆదివారం తెల్లవారుజామున తూర్పు జర్మనీ వేసింది ముళ్లకంచె మాత్రమే. ఇటుక, కాంక్రీటు కొద్ది రోజుల తర్వాత వచ్చాయి. ఫొటోల్లో కనిపించే నున్నటి పలకలు 1970ల నాటివి: ఎత్తు 3.6 మీటర్లు, వెడల్పు 1.2, బరువు దాదాపు 2.75 టన్నులు. పైన గుండ్రటి గొట్టం తొడిగింది అందానికి కాదు, చేతికి పట్టు దొరకకూడదని.

ప్రశ్న: వైట్‌హౌస్‌కూ క్రెమ్లిన్‌కూ మధ్య ఎర్ర ఫోను ఉండేదా?

జవాబు: ఫోనే లేదు, ఎరుపు మాట దేవుడెరుగు. ఉన్నది టెలిప్రింటర్, అంటే ఇక్కడ టైపు చేసింది అక్కడ కాగితం మీద అచ్చయ్యే యంత్రం. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద సంక్షోభం నడుస్తుండగా సోవియట్ నేత క్రుశ్చేవ్ పంపిన పొడవాటి లేఖ అందుకుని, సంకేతాలు విప్పడానికి వాషింగ్టన్‌కు దాదాపు 12 గంటలు పట్టింది. జవాబు తయారవుతుండగానే అంతకంటే గట్టి షరతులతో ఇంకో లేఖ వచ్చిపడింది. ఈ జాప్యం తప్పించడానికి నేరుగా సందేశాలు పంపుకునే లైను వేయాలని 1963 జూన్ 20న జెనీవాలో ఒప్పందం కుదిరి, ఆగస్టు 30 నుంచి అది పనిచేసింది. వాషింగ్టన్ నుంచి లండన్, కోపెన్‌హేగన్, స్టాక్‌హోం, హెల్సింకిల మీదుగా మాస్కోకు తీగ, అది తెగితే టాంజియర్ మీదుగా రేడియో. కోపెన్‌హేగన్ దగ్గర ఒక బుల్‌డోజర్, ఫిన్లాండ్‌లో ఒక రైతు నాగలి దాన్ని నిజంగానే తెంపాయి.

మాట కాకుండా రాతే ఎందుకంటే, ఫోనులో కోపంగా అన్నదాన్ని వెనక్కి తీసుకోలేం, అనువాదకుడు తడబడితే అంతే సంగతులు. అమెరికా ఇంగ్లీషులో, సోవియట్లు రష్యన్‌లో పంపేవారు. అనువాదం అందుకున్నవాళ్ల పని. గోప్యతకు వాడిన తాళం ఒకసారి వాడి పారేసే కాగితపు టేపు, ఎవరి టేపు వారే తయారుచేసి ఎంబసీ ద్వారా ఎదుటివారికి చేర్చేవారు. లైను బతికుందో లేదో చూడటానికి గంటగంటకూ పరీక్ష సందేశం వెళ్లేది: సరి గంటలకు వాషింగ్టన్, బేసి గంటలకు మాస్కో. అమెరికా పంపిన మొదటి సందేశం టైపు నేర్చుకున్నవాళ్లందరికీ తెలిసిందే, ‘చురుకైన గోధుమరంగు నక్క సోమరి కుక్క వీపు మీదుగా దూకింది’, చివర్లో ఒకటి నుంచి సున్నా దాకా అంకెలు. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలూ అందులో వస్తాయి. రష్యన్‌లోకి అనువదిస్తే మిగిలేది నక్కా కుక్కా మాత్రమే.