మళ్లీ వాడే వ్యోమనౌకల వల్ల స్పేస్ టెలిస్కోపులకు ఒరిగిందేమిటి?

ఖర్చు తగ్గడం ఒక్కటేనా లాభం అని అడిగారు. నా లెక్కలో ఖర్చు రెండో మాట. వాహనంలో ఏ భాగం వెనక్కి వస్తుందన్నది ముందు చూడాలి. టెలిస్కోప్ ఎక్కడికి చేరుతుంది, చెడిపోతే బాగుచేయగలమా అన్నవి దాన్నిబట్టే తేలతాయి.

స్పేస్ షటిల్‌లో కక్ష్య దాకా వెళ్లిన ఆర్బిటర్, అంటే సిబ్బంది ఉండే రెక్కల నౌక కూడా తిరిగి దిగేది. రెక్కలు, ఉష్ణ కవచం, సిబ్బంది అన్నిటినీ పైకి మోయాలి కాబట్టి దాని హద్దు సుమారు 600 కిలోమీటర్ల ఎత్తు. 1990 ఏప్రిల్‌లో డిస్కవరీ అనే షటిల్ హబుల్ టెలిస్కోప్‌ను వదిలింది అక్కడే. అంత కింద 95 నిమిషాలకో చుట్టు పడుతుంది, చూడాల్సిన వస్తువుల్లో చాలావరకు ప్రతి చుట్టులోనూ భూమి చాటుకు పోతాయి. ఇంకా పైకి వెళ్లాలంటే అదనపు రాకెట్ కావాలి. 1999 జులైలో కొలంబియా షటిల్ మోసుకెళ్లిన చంద్రా అనే ఎక్స్-రే టెలిస్కోప్‌కు రెండంచెల ఘన ఇంధన రాకెట్ తగిలించారు. టెలిస్కోప్, రాకెట్ కలిపి 22 టన్నుల పైమాటే. చంద్రా అలా షటిల్‌కు అందనంత ఎత్తుకు పోయింది, దాన్ని బాగుచేసే దారి కూడా అక్కడితో మూసుకుపోయింది.

హబుల్‌ను కాపాడింది మాత్రం ఆ తక్కువ ఎత్తే. దాని 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఎక్కువ చదునుగా ఉండేలా తయారీలోనే అరగదీశారు. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కకు ఉండటమే కారణం. 1993 డిసెంబరులో ఎండీవర్ షటిల్ సిబ్బంది కాంతి తీవ్రతను కొలిచే ఒక ఫోటోమీటర్‌ను తీసేసి, ఆ ఖాళీలో కోస్టార్ అనే చిన్న అద్దాల పెట్టె అమర్చారు. కెమెరాను కూడా మార్చారు, కొత్త కెమెరాలో ఆ దోషానికి విరుగుడు ముందే ఉంది. 2009లో అట్లాంటిస్ షటిల్ సిబ్బంది చేసిన పని ఇంకా కష్టమైనది. అంతరిక్షంలో విప్పడానికని తయారుచేయని ఒక స్పెక్ట్రోగ్రాఫ్ (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) మూతకు 100కి పైగా స్క్రూలున్నాయి. అవి తేలిపోకుండా పట్టి ఉంచే ప్లేటు పైన బిగించి, ఒక్కొక్కటే విప్పి, లోపలి ఎలక్ట్రానిక్ కార్డు మార్చారు. రోబోల పని గురించి ఎంత చెప్పుకున్నా, ఈ రిపేరుకు సాటి వచ్చేది నాకు కనిపించదు.

స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 పద్ధతి వేరు. వెనక్కి వచ్చేది మొదటి దశ, పైన టెలిస్కోప్‌ను కప్పి ఉంచే ముక్కు కవచం మాత్రమే. రెండో దశను వదులుకుంటారు. కాబట్టి ఎత్తుకు హద్దు లేదు, కానీ దిగడానికి ఇంధనం మిగుల్చుకోవాలి కనుక మోసే బరువు తగ్గుతుంది. 2021 డిసెంబరులో పంపిన ఐఎక్స్‌పీఈ అనే ఎక్స్-రే టెలిస్కోప్ మంచి ఉదాహరణ. అది ఉండాల్సింది భూమధ్యరేఖ మీద, ప్రయోగ కేంద్రమేమో 28.5 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఆ వాలు సరిచేయడానికే సెకనుకు దాదాపు 3.7 కిలోమీటర్ల వేగ మార్పు కావాలి. టెలిస్కోప్ బరువు సుమారు 330 కిలోలే కావడంతో రెండో దశ ఆ పని చేసింది, మొదటి దశ సముద్రంలోని నౌక మీద దిగింది. 2023 జులైలో సుమారు 2 టన్నుల యూక్లిడ్ టెలిస్కోప్‌ను 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్2 (సూర్యుడు, భూమి ఆకర్షణల మధ్య టెలిస్కోపులను నిలిపి ఉంచడానికి అనువైన చోటు) వైపు పంపినప్పుడు కూడా మొదటి దశ భద్రంగా తిరిగొచ్చింది.

ఎల్2 దగ్గరికి వెళ్లి స్క్రూలు విప్పేవాళ్లు లేరు. అందుకే అలాంటి టెలిస్కోపులకు నేలమీది పరీక్షల్లో రాజీ పడకూడదు, ముఖ్యంగా అద్దాన్ని ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పద్ధతుల్లో కొలవాలి. హబుల్‌కు కూడా ఇప్పుడు అదే పరిస్థితి, వెళ్లి బాగుచేసేవాళ్లు లేరు. 2009లో దాని ఆరు గైరోలనూ (టెలిస్కోప్ ఎటు తిరుగుతోందో కొలిచే పరికరాలు) మార్చారు. 2024 జూన్ నుంచి అది ఒక్క గైరోతో పనిచేస్తోంది. రోబో చేయి, ఎయిర్‌లాక్, పనిముట్లు పెట్టుకునే విశాలమైన అర, ఈ మూడూ ఒకేచోట ఉన్న నౌక షటిల్ తర్వాత ఇంతవరకు ఎగరలేదు.