రాతి ముద్రలలో దేవతలు

ప్రశ్న: మెసొపొటేమియా రాతి ముద్రలపై దేవతలను ఎలా గుర్తిస్తారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కొమ్ముల కిరీటం దైవత్వానికి మొదటి గుర్తు. శంఖచక్రాలను చూసి మీరు కొండమీది స్వామిని పోల్చుకున్నట్లే, తక్కిన లక్షణాలను బట్టి పేరు చెప్పవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, సుమారు క్రీ.పూ. 2300 నాటి అద్దా అనే లేఖకుని ముద్రలో, రంపపు కత్తితో కొండల నడుమ నుండి పైకి వచ్చేవాడు సూర్యదేవుడు షమష్. భుజాల నుండి చేపలతో నీటిపాయలు జాలువారేవాడు నీటి దేవుడు ఎయా. రెక్కలతో నిలిచినది ప్రేమకూ యుద్ధానికీ దేవత అయిన ఇష్తార్. నాలుగు సెంటీమీటర్ల ఎత్తైనా లేని స్తూపాకారపు రాయిపై, తడి మట్టి మీద దొర్లించినప్పుడు సరిగా తేలేటట్లు, ఇంతటి దృశ్యాన్ని కుడియెడమలు తారుమారుగా చెక్కిన శిల్పికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తరువాతి కాలపు, ఉర్ నగరాన్ని ఏలిన మూడవ రాజవంశపు ముద్రలలో, ఒక చిన్న దేవత భక్తుని చెయ్యి పట్టుకొని, ఆసీనుడైన దేవుని ముందుకో రాజు ముందుకో నడిపించే దృశ్యం తరచుగా కనిపిస్తుంది.