ట్రే మాత్రం నువ్వే తియ్యి

చిరంజీవి చిన్నీకి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ వేసవి సెలవుల్లో అమలాపురంలో మీ ఇంట్లోనే చుట్టుపక్కల పిల్లలకి వంట నేర్పుతావట కదా. మొదటి రోజే ఓవెన్‌లో బేకన్ అట, ఉప్పు పట్టించిన పలచటి పంది మాంసం ముక్కలు! చాలాసేపు నవ్వుకున్నాను. ఓడల మీద నేను వండే వంటల గురించి చెప్పబోతే, పంది మాంసం దగ్గరికి రాగానే మీ అమ్మమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆ ఇంటి పిల్లవి, నువ్విప్పుడు ఊళ్లో పిల్లలకి బేకన్ నేర్పుతానంటే గర్వంగా ఉండదూ! రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెబితే “సరే మావయ్యా, సరే” అని సగం విని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు పిల్లల ఇళ్లకి ఫోన్ చెయ్యి. పంది మాంసం ముట్టని ఇళ్లు మన దగ్గర బోలెడు. తినే ఇళ్లలోనూ “మా పిల్లకి వద్దమ్మా” అనే నాయనమ్మ ఒకరుంటారు. ఆ పిల్లల్ని ఆ రోజు పిలవకు, బిస్కెట్ల రోజు పిలు. కొంచెమే కదా అని ఎవరి నోట్లోనూ పెట్టకు.

ప్యాకెట్ గడ్డకట్టి వస్తుంది. ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు, గట్టు మీద వదిలెయ్యకు. పచ్చి మాంసం ముట్టుకున్న ప్రతి చెయ్యీ సబ్బుతో కడగాలి. ఉప్పు వెయ్యకు, నూనె వెయ్యకు, రెండూ దాంట్లోనే ఉన్నాయి. మనిషికి రెండు ముక్కలు చాలు. ఇలాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఎప్పుడో ఒకసారి తినేదని పిల్లలకి నవ్వుతూనే చెప్పు, భయపెట్టకు.

నీ దగ్గరున్నది చిన్న ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్ అని మీ అమ్మ చెప్పింది. దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకు, ఏసీ పెట్టుకునే పెద్ద సాకెట్ ఉంటుంది చూడు, దానికి పెట్టు. ట్రేకి చుట్టూ అంచు ఉండాలి. అడుగున ఫాయిల్ పరిచి, అంచుల మీదికి కూడా లాగు. కాగితం పరిస్తే చిన్న ఓవెన్‌లో పైకి లేచి, ఎర్రగా కాలే కడ్డీలకి తగిలి అంటుకుంటుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. ఈ పని పిల్లలదే. వంకరగా పెట్టినా సరిచెయ్యకు.

ఓవెన్‌ని ముందుగా వేడి చెయ్యకు. పుస్తకాల్లో చెయ్యమనే ఉంటుంది, నువ్వు మాత్రం చెయ్యకు. చల్లగా ఉన్నప్పుడే ట్రేని మధ్య అరలోకి తోసి, అప్పుడు 200 డిగ్రీలకి తిప్పు. కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ముక్క కరకరలాడుతుంది. దానికన్నా ముఖ్యం, లోపల పెట్టే పని కూడా పిల్లలే చెయ్యొచ్చు, చెయ్యి కాలదు. పలచటి ముక్కలకి పావుగంట, మందంగా ఉంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. చిన్న ఓవెన్‌లో కడ్డీలు దగ్గర, పది నిమిషాల నుంచే అద్దంలోంచి చూస్తుండండి. చూడమంటే ముక్కు అద్దానికి ఆనించి చూస్తారు. ఆ అద్దం కూడా కాలుతుంది, మూరెడు దూరంలో నేల మీద సుద్దముక్కతో గీత గియ్యి.

ఇక్కడిదాకా ఎవరైనా నేర్పుతారు. నాకు నిద్ర పట్టనిది ఆ తర్వాతది.

మీ అమ్మ ఎడమ ముంజేతి మీద మచ్చ నీకు తెలుసు. టపాకాయ కాలిందని నీకు చెప్పిందట, నిన్న నేను అడిగితే ఒప్పుకుంది. టపాకాయా లేదు ఏమీ లేదు. మా పెద్దక్కయ్య పెళ్లి సారె కోసం సఖినేటిపల్లిలో మన ఇంటి ముందు పొయ్యి తవ్వి కజ్జికాయలు వేయిస్తున్నారు. వైశాఖ మాసం. సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది, కొబ్బరాకులు రాలి పడుతున్నాయి, చినుకులు మొదలయ్యాయి. వంటాయన కంగారుపడి, బూరెలమూకుడు అరుగు మీదికి చేర్చేద్దాం పట్టుకోమని కేకేశాడు. సగానికి పైగా నూనె ఉంది అందులో, మరుగుతోంది. దగ్గర్లో ఉన్నది మీ అమ్మ, పదేళ్ల పిల్ల. మసిగుడ్డ తీసి రెండో చెవి పట్టుకుంది. ఆ గుడ్డ అప్పుడే అరుగు తుడిచి పిండింది, తడిగా ఉంది.

తడి గుడ్డలోంచి వేడి ఎంత తొందరగా వస్తుందో నీకు తెలుసా? పొడి గుడ్డయితే కాసేపు ఆపుతుంది. తడిదయితే నీళ్లు ఆవిరై చేతిని ఉడికించేస్తాయి. రెండడుగులు వేసిందో లేదో వదిలేసింది. మూకుడు పూర్తిగా తిరగబడలేదు, అది మన అదృష్టం. ఆ కుదుపుకి నూనె ఒక్కసారి ఇటు ఒరిగి ముంజేతి మీద పడింది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. బావి అక్కడే ఉంది. తొట్టి నిండా నీళ్లున్నాయి. ఒక్కరికీ తట్టలేదు! ఒకాయన పరిగెత్తుకెళ్లి సిరా బుడ్డి తెచ్చి పోశాడు. పక్కింటావిడ పసుపు అద్దింది. గాజులు తియ్యాలని ఎవరికీ తోచలేదు, చెయ్యి వాచి గాజులు బిగుసుకుపోయాయి. నాన్నగారు ఎత్తుకుని రేవుకి పరిగెత్తితే, గాలికి పంటు ఆపేశారు. గాలి తగ్గాక గోదావరి దాటి నరసాపురం ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడిపోయింది. అక్కడి డాక్టరమ్మ ముందు గాజులు కత్తిరించింది. నాన్నగారిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. సిరా కింద పుండు ఎంత లోతో కనపడక తుడిచి చూడాల్సి వచ్చింది. ఆ తుడుస్తున్నంతసేపూ మీ అమ్మ నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతూనే ఉంది, గుండీ ఊడి దాని చేతిలోకి వచ్చింది. చివరికి ఏడ్చింది నేను, అది కాదు.

ఇప్పుడు చెప్పు, బేకన్‌కీ దీనికీ సంబంధం ఏంటంటావా? పెనం మీద వేయిస్తే చిటపటలాడి మీద పడుతుంది, ఓవెన్‌లో అదేం లేదు, పిల్లలకి మంచిదంటారు. నిజమే. కానీ పావుగంట అయ్యాక ఆ ట్రేలో ఉండేది ముక్కలు మాత్రమే కాదు, కరిగిన కొవ్వు కూడా. పైకి కదలనట్టే ఉంటుంది. ఎత్తి ఒక పక్కకి కాస్త వంచావా, అంతా ఆ మూలకి పరిగెడుతుంది. ఊగే ఓడలో ఇరవై మందికి పొద్దున్నే బేకన్ తీసేవాణ్ని నేను, నాకు తెలుసు.

కాబట్టి మొదటి రోజు పొయ్యి వెలిగించకముందే ఒక పని చెయ్యి. ట్రేలో అర అంగుళం నీళ్లు పోసి, ఒక్కొక్కరి చేత బల్ల నుంచి బల్లకి మోయించు. మోసేవాళ్లు “వేడి! వేడి!” అని అరవాలి, మిగతావాళ్లు గోడకి జరగాలి. ఓడ వంటగదిలో మేమూ అలాగే అరిచేవాళ్లం. కాళ్ల మీద నీళ్లు పోసుకుని నవ్వుతారు, నవ్వనీ. వాళ్లకి వేరే పాఠం అక్కర్లేదు.

ట్రే మాత్రం నువ్వే తియ్యి. పన్నెండేళ్లవాడు బతిమాలినా సరే. చేతి తొడుగులు ఎండలో ఆరినవై ఉండాలి. ముక్కల మీద సన్నటి నురగ వచ్చి రంగు తిరగ్గానే తీసెయ్యి, మరీ నల్లబడేదాకా ఆగకు. జంతికల్లాగే ఇవీ చల్లారాకే గట్టిపడతాయి. ట్రే గోడవైపు పెట్టి అయిదు నిమిషాలు ఎవర్నీ దగ్గరికి రానివ్వకు. తర్వాత పట్టకారుతో ముక్కలు కాగితం మీదికి తీసేది పిల్లలు.

లోపల మంట లేస్తే తలుపు తియ్యకు, నీళ్లు అసలే పొయ్యకు. స్విచ్ ఆపు, దానంతట అదే ఆరుతుంది. ఎవరికైనా కాలితే గాజులూ దారాలూ తీసేసి ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టు. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు. శుభ్రమైన పలచటి గుడ్డ వదులుగా కప్పి, బొబ్బలొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లు.

మిగిలిన కొవ్వు సింకులో పొయ్యకు, గొట్టం పూడుకుపోతుంది. మన ఎండకి బయట సరిగ్గా పేరుకోదు. చల్లారాక ట్రేతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, ఫాయిల్ చుట్టి పారెయ్యి. లేదా వడకట్టి సీసాలో దాచు. నేనొచ్చినప్పుడు వెల్లుల్లి, గుడ్డు వేసి అన్నం వేయిస్తాను, మీ నాన్నకి చెప్పకుండా తిందాం. మీ అమ్మకి కూడా పెట్టు, తింటుంది, నాకు తెలుసు.

పిల్లల ఇళ్లకి ఫోన్లు అయ్యాక ఎంతమంది వస్తున్నారో చెప్పు. తొడుగులు రెండు జతలు కొరియర్ చేస్తాను, కాకినాడలో మంచివి దొరుకుతున్నాయి.

ఇట్లు,
మీ మావయ్య