డబ్బు వెనక్కి రావాలంటే ముందు పన్ను కట్టమంటున్నారు. కట్టాలా?

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒకాయన మాట మీద ట్రేడింగ్ యాప్‌లో డబ్బు పెట్టాను. రోజుకు 2 శాతం లాభమన్నారు. మొదట్లో కొంచెం తీసుకుంటానంటే అదే రోజు బ్యాంకులో పడింది. దాంతో నమ్మకం కుదిరి పొదుపులో చాలా భాగం పెట్టేశాను. ఇప్పుడు యాప్‌లో మూడు రెట్లు కనిపిస్తోంది. తీసుకోబోతే, లాభం మీద 20 శాతం పన్ను ముందు కట్టాలట, గడువు రేపటితో సరి అంటున్నారు. అప్పు చేసి కట్టమంటారా? మా వారికి ఇంకా చెప్పలేదు.

జవాబు: కట్టకండమ్మా. అప్పు మాట అసలు తలపెట్టకండి.

పన్ను ఎలా కడతామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఇచ్చేవాళ్లు పట్టుకుని మిగతాది ఇస్తారు, లేదా డబ్బు చేతికొచ్చాక మనమే ప్రభుత్వానికి కడతాం. మీ సొమ్ము మూడు రెట్లై వాళ్ల దగ్గర ఉంటే అందులోంచే 20 శాతం తీసుకోవచ్చు కదా? మళ్లీ మీ చేతి నుంచి ఎందుకు? తీసుకోవడానికి అక్కడేమీ లేదు కాబట్టి.

ఇలాగే ఒకావిడ ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చారు. తెర మీద ఆకుపచ్చ అంకెలు క్షణానికోసారి మారుతున్నాయి. విత్‌డ్రా నొక్కితే డబ్బు రాలేదు, చాట్ తెరుచుకుంది. అప్పటికే ఆవిడ పన్ను పేరుతో ఒకసారి, వెరిఫికేషన్ ఫీజు పేరుతో ఇంకోసారి కట్టేశారు. 'మా డబ్బులోంచే మినహాయించుకుని మిగతాది పంపండి' అని ఆవిడతో టైప్ చేయించాను. అంతవరకూ 'మేడమ్, మేడమ్' అన్న మనిషి ఖాతా స్తంభింపజేస్తామని బెదిరించాడు. ఆవిడ ఫోను బల్ల మీద బోర్లించి చాలాసేపు మాట్లాడలేదు.

మొదట మీకు వచ్చిన ఆ కొంచెం సొమ్ము లాభం కాదు. మీ డబ్బులోంచో, మీలాంటి ఇంకొకరి డబ్బులోంచో తీసి ఇచ్చింది. గాలానికి గుచ్చిన ఎర.

ఇది పాత పద్ధతే. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. అంతర్జాతీయ తపాలా కూపన్లు (ఏ దేశంలోనైనా ఇచ్చి స్టాంపులు తీసుకునే చీటీలు) ఒక దేశంలో చవగ్గా కొని ఇంకో దేశంలో మార్చడమే వ్యాపారమన్నాడు. జనం ఎగబడ్డారు. క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక పాత్రికేయుడు మాత్రం కూర్చుని లెక్కేశాడు. పాంజీ తీసుకున్న డబ్బుకు 16 కోట్ల కూపన్లు చలామణిలో ఉండాలి, ఉన్నవేమో 27,000 దాకా! పాంజీ తన సొంత డబ్బు అందులో పెట్టడం లేదన్నదీ ఆయన కంటపడింది. ఆ ఆగస్టులోనే పాంజీ అరెస్టయ్యాడు.

మీరూ లెక్కేయండి. రోజుకు 2 శాతం చొప్పున లాభం మీద లాభం చేరుతూ పోతే ఏడాదికి అసలు దాదాపు 1,377 రెట్లవుతుంది. అంత సంపాదించే కిటుకు తెలిసినవాడికి ముక్కూమొహం తెలియని మీ పొదుపుతో పనేముంది?

'రేపటితో గడువు' అనడం కూడా ఊరికే కాదు. మీరు ఇంకొకరిని అడిగేంత సమయం ఉండకూడదని. వీధిలో తెలియని మనిషి డబ్బు అడిగితే మీరు పక్కవాళ్లను తప్పకుండా అడుగుతారు. ఫోనులో అడిగితే ఒక్కరే ఉంటారు, తేడా అంతే. మీ తెలివికేమీ లోటు లేదమ్మా, దాన్ని వాడుకునే వీలు లేకుండా చేశారు.

ఇప్పుడు చేయాల్సినవి. వాళ్లతో వాదించొద్దు, సమాధానమూ ఇవ్వొద్దు. మీరు పంపిన ప్రతి మొత్తం, తేదీ, ఏ ఖాతాకు పంపారో, చాట్‌తో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కార్డు వెనకాలున్న నంబరుకే ఫోన్ చేసి బ్యాంకుకు చెప్పండి, ఇంటర్నెట్‌లో వెతికిన నంబర్లకు వద్దు. తర్వాత పోలీసు ఫిర్యాదు. ఇవి ఈరోజే జరగాలి, డబ్బు చేతులు మారేకొద్దీ ఆపడం కష్టం. వాళ్లు స్క్రీన్ చూసే యాప్ ఏదైనా వేయించి ఉంటే ముందు ఆ ఫోనుకు ఇంటర్నెట్ తీసేసి, వేరే ఫోను నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. పోయిన డబ్బు రాబడతాం, కాస్త ఫీజు ఇవ్వండి అంటూ కొన్నాళ్లకు ఎవరో ఫోన్ చేయొచ్చు. వాళ్లూ ఆ బాపతే.

పోయినది మొత్తం తిరిగొస్తుందని నేను మాట ఇవ్వలేను. బ్యాంకుకు ఫోన్ చేసేటప్పుడు మీ వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మిగిలిన పొదుపెంత, నెల ఖర్చెంత, ఉన్న అప్పులేమిటి, ఇద్దరూ కలిసి రాసి నాకు పంపండి. మళ్లీ మొదటి నుంచి లెక్క వేద్దాం.