ఎలుకల బోన్లు మంచుకు బిగుసుకుపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం, లంబసింగి దగ్గర. ఎకరంలో స్ట్రాబెరీ వేశాను. మల్చింగ్ షీటు, డ్రిప్పు ఉన్నాయి. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి ఎలుకలు పండ్లు కొరికేస్తున్నాయి, డ్రిప్పు పైపుల్ని కూడా వదలడం లేదు. స్ప్రింగుతో కొట్టే చెక్క బోన్లు 12 పెట్టాను. రాత్రి మంచు గడ్డకట్టి తెల్లారేసరికి స్ప్రింగు కదలడం లేదు. ఎర మాత్రం పోతోంది. మందుల షాపులో అడిగితే బోను చుట్టూ ఉప్పు చల్లమన్నారు, లేదంటే బండి రేడియేటర్‌లో పోసే కూలెంట్ పూయమన్నారు, అదీ కాకపోతే అన్నంలో ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు కలిపి పెట్టమన్నారు. బోను ఫొటో పంపుతున్నాను. గడ్డకట్టకుండా ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కూలెంట్ డబ్బా తోటలోంచి బయటపెట్టండి. అందులో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. నీళ్లు గడ్డకట్టకుండా ఆపే మాట నిజమే, కానీ అది విషం. రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్క నాకుతుంది, దూడ నాకుతుంది, కిడ్నీలు పాడై చస్తాయి. మీ ప్రాంతంలో స్ట్రాబెరీ తోటలకు టూరిస్టులు పిల్లల్ని వెంటేసుకుని వస్తారు, పండు కోసి అక్కడికక్కడే నోట్లో వేసుకుంటారు. అలాంటి చోట కూలెంట్ పూసిన బోను పెట్టమని చెప్పినవాళ్లకు ఏమనాలో నాకు తెలియడం లేదు. ఉప్పు సంగతి కూడా అంతే. ఉప్పు తగిలితే బోను ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది, పైగా స్ట్రాబెరీ ఉప్పును అసలు తట్టుకోలేని పంట. బెడ్డు పక్కన చల్లితే ఎలుకల కంటే ముందు మొక్కలే పోతాయి.

ఇక అసలు విషయం. మీ బోన్లు మంచు వల్ల ఆగడం లేదని నా అనుమానం. మీరే రాశారు, ఎర పోతోంది, స్ప్రింగు కొట్టడం లేదు అని. మీ దగ్గర నేల మీద మంచు పేరుకునేది తెల్లవారుజామున. ఎలుకలు ఎక్కువగా తిరిగేది చీకటి పడ్డాక మొదటి కొన్ని గంటల్లో, మళ్లీ తెల్లవారే ముందు. ఎర తొలి జాములోనే పోయిందంటే ఆ సమయానికి బోను మీద గడ్డకట్టింది ఏమీ లేదు. అయినా కొట్టలేదంటే అది అప్పటికే బిగుసుకుపోయి ఉంది. ఒక పని చేయండి. ఇవాళ సాయంత్రం బోన్లు ఎక్కుపెట్టి, రాత్రి 9 గంటలకు వెళ్లి పుల్లతో ఎర కొక్కెం కాస్త కదపండి. అప్పుడే కొట్టకపోతే తప్పు మంచుది కాదు. ఫొటోలో చూస్తే కొక్కెం, సన్న కడ్డీ కలిసే చోట ఎర్రటి తుప్పు ఉంది, కింద చెక్క తడికి ఉబ్బి కొక్కేన్ని పట్టేసుకుంది. తెల్లారి మీకు కనిపించే తెల్లటి పొర దాని మీద తర్వాత చేరింది. ఒకవేళ 9 గంటలకు బాగానే కొడితే ఇంకో అవకాశం ఉంది. ఎర తినేది చిట్టెలుక కావచ్చు. దాని బరువుకు గట్టిగా బిగించిన కొక్కెం కదలదు.

బోన్లు బాగుచేయడం కష్టమేం కాదు. అన్నీ తెచ్చి ఒక పూట ఎండలో ఆరబెట్టండి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకేయండి. చెక్క ఉబ్బిన చోట గరుకు కాగితంతో రుద్ది, కొక్కెం సులువుగా ఆడేలా చూడండి. తర్వాత మామూలు తెల్ల కొవ్వొత్తులు ముక్కలు చేసి ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు, మైనం అంటుకుంటుంది. కరిగిన మైనాన్ని బ్రష్‌తో చెక్కకు, స్ప్రింగుకు పలచగా పూయండి. ముందు బోనును ఎండలో బాగా వేడెక్కనిస్తే పూత పలచగా పరుచుకుంటుంది. చల్లటి బోనుకు పూస్తే మందంగా పేరుకుని పెచ్చులుగా ఊడిపోతుంది. ఒక్క చోట మాత్రం మైనం తగలకూడదు, కడ్డీ కొనను కొక్కెం పట్టుకునే గంటు. అక్కడ తగిలితే జారిపోయి, ఎక్కుపెడుతుంటే మీ వేళ్ల మీదే కొడుతుంది. మైనం బదులు పాత ఇంజనాయిలు వాడకండి. వాసనకు ఎలుక దగ్గరికి రాదు, మట్టి కూడా అంటుకుంటుంది.

నిజంగా మంచు గడ్డకట్టే రాత్రులు మీకు లేవని కాదు. గాలిలో 3, 4 డిగ్రీలు ఉన్నా, మబ్బులేని రాత్రి నేలకు దగ్గరగా చలి ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఆకాశానికి నేరుగా తెరిచి ఉన్న వస్తువు మీదే మంచు ఎక్కువ పడుతుంది. కాబట్టి బోనుకు పైకప్పు ఉంటే సగం సమస్య తీరినట్టే. పెంకు గానీ, నిలువుగా చీల్చిన లావు వెదురు గానీ, 6 అంగుళాల పీవీసీ పైపు సగం ముక్క గానీ బోర్లించండి, రెండు వైపులా తెరిచి ఉండాలి. స్ప్రింగు కడ్డీ పైకి లేచి తిరగడానికి లోపల చోటు ఉందో లేదో ఒకసారి ఉత్తిదే కొట్టించి చూసుకోండి. కింద అంగుళం మందాన పొడి ఇసుక లేదా ఊక బూడిద పోసి దాని మీద బోను పెట్టండి. తడి మట్టి మీద పెడితే అడుగు నుంచి తేమ పీల్చుకుని, చలికి బోను నేలకు అతుక్కుంటుంది. కెనడా, అలాస్కా వైపు నెలల తరబడి నేల గడ్డకట్టే చోట ఉచ్చులు పెట్టేవాళ్లు మైనం పట్టించిన పొడి మట్టి, పొడి పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి తయారయ్యే మట్టి) వాడతారు. మీకు అంత అవసరం లేదు. ఈ కప్పు వల్ల కుక్కలు, గోరింకలు బోనులో పడకుండా కూడా ఉంటాయి.

ఎలుక గట్టును, గోడను ఒరుసుకుంటూ నడుస్తుంది. బోనును గట్టుకు అడ్డంగా, ఎర ఉన్న కొస గట్టు వైపు ఉండేలా పెట్టండి. ఎరగా టమాటా, పండు ముక్కలు వద్దు, వాటిలో ఉండేది నీరే, అదే ముందు గడ్డకట్టేది. కాల్చిన ఎండుకొబ్బరి ముక్క, ఎండుచేప తల, లేదా పల్లీ ముద్ద పెట్టి దారంతో కొక్కేనికి కట్టండి. లాక్కుంటేగానీ రాకూడదు. మొదటి రెండు మూడు రాత్రులు ఎర పెట్టి బోను ఎక్కుపెట్టకుండా వదిలేయండి. కొత్త వస్తువంటే ఎలుకకు భయం. తిని అలవాటు పడ్డాక అన్ని బోన్లూ ఒకే సాయంత్రం ఎక్కుపెట్టండి. ఎకరానికి 12 చాలవు, 20 అయినా ఉండాలి. సాయంత్రం 5.30కి ఎక్కుపెట్టి, రాత్రి 9 గంటలకు ఒకసారి పడ్డవి తీసి మళ్లీ పెడితే, మంచు పడేలోపే మీ పని చాలావరకు అయిపోతుంది.

ఇంతవరకు చెప్పింది బోను గురించి. నాకు అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. మీ తోటలో, చుట్టుపక్కల ఎన్ని బతికున్న బొరియలు ఉన్నాయి? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఎవరి ఉత్తరంలోనూ ఉండదు. ఏ మందు, ఎంత డోసు అని అడుగుతారు తప్ప బొరియలు లెక్కపెట్టామని చెప్పినవాళ్లు నాకు చాలా అరుదు. ఇది రూపాయి ఖర్చు లేని పని. సాయంత్రం తోట గట్లు, రాతి కట్టలు, గడ్డివాము చుట్టూ తిరిగి కనిపించిన ప్రతి బొరియ నోరూ తడి మట్టితో మూసేయండి, పక్కన ఒక పుల్ల గుచ్చండి. మర్నాడు పొద్దున వెళ్లి తెరుచుకున్నవి లెక్కపెట్టండి. అవే ఎలుకలున్న బొరియలు. మిగతావి ఖాళీ. మూసి ఉన్న వాటిలో మందు పెడితే డబ్బు మట్టిలో పోసినట్టే. లెక్కతో పాటు ఎక్కడెక్కడ తెరుచుకున్నాయో కాగితం మీద గీసుకోండి. మీకు చాలావరకు తోట లోపల కాదు, అంచుల్లో దొరుకుతాయని నా అంచనా. వరి కోతలు అయిపోయాక పొలంలో తిండి లేక ఎలుకలు గడ్డివాములకు, రాతి కట్టలకు చేరతాయి. అక్కడి నుంచి రాత్రిపూట మీ పండ్ల మీదికి వస్తాయి. కొన్ని మల్చింగ్ షీటు కింద వెచ్చగా ఉందని అక్కడే కాపురం పెడతాయి. షీటు అంచులు లేచిన చోట మట్టి కప్పి బిగించండి, బెడ్ల మధ్య గడ్డి ఉంచకండి, గడ్డివాము తోటకు దగ్గరగా ఉంటే దూరం జరపండి. ఆడ ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకు ఆరేడు పిల్లలు. మీ ఒక్కరి తోటలో 20 పట్టినా, పక్క పొలం వాళ్లు కదలకపోతే నెల తిరిగేలోపు మళ్లీ మొదటికొస్తుంది. ఆ లెక్క కాగితం చూపించి పక్క రైతుల్ని కూడా ఒకే రోజు దిగమనండి.

పండు కొరికిన తీరు కూడా ఒకసారి గమనించండి. పక్కపక్కనే రెండు పళ్ల గాట్లు ఉండి రాత్రి పోయినవైతే ఎలుక. పగటిపూట పోతుంటే ఉడత. ముక్కుతో పొడిచిన గుంట అయితే పిట్ట. గుండ్రటి రంధ్రం, దాని మీద జిగట మెరుపు ఉంటే పెంకు లేని నత్త, దానికి బోనుతో పనిలేదు. కొరికిన పండ్లు ఏరి పూడ్చేయండి, గాటు వరకు కోసి మిగతాది జామ్ తయారీకి పంపొద్దు.

మందు విషయానికొస్తే, అన్నంలో ఫోరేట్ కలపడం నేరం. మన దేశంలో 2020 డిసెంబరు 31 తర్వాత ఫోరేట్ అమ్మకం, వాడకం నిషేధం. ఇంకా షాపులో గుళికలు ఉన్నాయంటే మండల వ్యవసాయాధికారికి చెప్పాల్సిన విషయం అది. జింకు ఫాస్ఫైడు అనే ఎలుకల మందు కూడా ఈ కాలంలో మీకు వద్దు. తేమ తగిలితే విషవాయువు వదులుతుంది, మంచు తడికి ఎరలో పస తగ్గిపోతుంది. కోత సాగుతున్న పండ్ల తోటలో దాన్ని అసలు తేకూడదు. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు ఎవరైనా చేతికిస్తే తీసుకోకండి, అవి రైతుకు నేరుగా అమ్మాల్సినవి కావు.

బోన్లతో పది రోజులు ప్రయత్నించాక కూడా తెరుచుకునే బొరియలు తగ్గకపోతే బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు 0.005 శాతం ఉన్న మైనం కేకులు వాడండి. మైనం కాబట్టి తేమకు పాడవవు. తోట బయట గట్ల మీద, రాతి కట్టల్లో, ముందు రోజు లెక్కలో తెరుచుకున్న బొరియల్లో మాత్రమే, ఒక్కోదానికి 15 గ్రాములు లోపలికి తోసి, నోరు ఆకులతో వదులుగా మూయండి. బెడ్ల మీద, షీటు కింద పెట్టొద్దు. వ్యవసాయ శాఖ వాళ్లు ఊరంతటికీ కలిపి చేయిస్తే అదే మందు 0.25 శాతం ఉన్న పొడితో ఎర తయారు చేస్తారు. కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల పొడి. అది సుమారు 65 బొరియలకు వస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగో రోజు నుంచి చావడం మొదలవుతుంది. రెండో రోజే పనిచేయలేదని షాపుకు పరిగెత్తి ఇంకో మందు తెచ్చి కలపొద్దు. చచ్చిన వాటిని రోజూ ఏరి రెండడుగుల గుంటలో పూడ్చండి, లేకపోతే గుడ్లగూబలు తిని చస్తాయి. ఎలుకల్ని మీకోసం పట్టేది అవే.

ఎలుకల్ని, బోన్లను ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజు ఉండాలి. ఎలుక మూత్రం తగిలిన తడి మట్టిలోంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, చేతికి చిన్న గాటు ఉన్నా చాలు. తోటలో పనిచేశాక జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఎలుకల సంగతి డాక్టరుకు చెప్పండి.

డ్రిప్పు పైపుల్ని ఎలుక ఎక్కువగా కొరికేది నీళ్ల కోసం. తోట అంచున రెండు మూడు చోట్ల మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి, వాటి పక్కనే కప్పు కింద బోన్లు ఉంచండి. ఈసారి రాసేటప్పుడు బొరియల లెక్క, గీసిన కాగితం జతచేయండి. అవి లేకుండా మందు పేరు అడిగితే చెప్పను.