పాత గ్రిల్: పైన తుప్పు కన్నా అడుగున జిడ్డు ప్రమాదం

ప్రశ్న: మాది అనంతపురం. ఈమధ్యే డల్లాస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నాం. అమ్మినవారు పెరట్లో ఒక గ్యాస్ గ్రిల్, అంటే మాంసం, కంకులు కాల్చే పొయ్యి, వదిలి వెళ్లారు. పైన కాల్చే జాలీ నిండా తుప్పు, జిడ్డు. శుభ్రం చేసి వాడుకోవచ్చా, పారేయాలా? త్వరలో మా అత్తమామలు వస్తున్నారు. వారు మాంసం ముట్టరు. వారికి మొక్కజొన్న కంకులు కాల్చి పెట్టాలని ఉంది.

జవాబు: అప్పుడే పారేయవద్దమ్మా. బర్నర్ గొట్టాలకు చిల్లులు పడకుండా, కింది తొట్టె తుప్పుతో కూలిపోకుండా ఉంటే ఆ గ్రిల్ ఇంకా పనికొస్తుంది. మీరు జాలీ గురించి అడిగారు కానీ, నా భయమంతా దాని కింద ఉన్నదాని గురించే.

మాంసం నుంచి కారిన కొవ్వు, నూనె, మసాలా తొట్టె అడుగునా, కింది పళ్లెంలోనూ పేరుకుపోతాయి. ఒకరోజు మంట కాస్త ఎక్కువైతే అదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. మా కడపలో పెరట్లో కడప బండలు పరిచి ఉంటాయి. కుంపటి తిరగబడినా నిప్పులు బండ మీదే ఆరిపోతాయి. ఇక్కడ ఇంటి చట్రం కలప, వెనక అరుగులా ఉండే డెక్ కలప, కంచె కూడా కలపే. అందుకే ముందుగా గ్రిల్‌ను గోడకూ కంచెకూ కనీసం 10 అడుగుల దూరం జరపండి. ఎప్పుడైనా కొవ్వు అంటుకుంటే నీళ్లు మాత్రం పోయవద్దు, మండే నూనె నలువైపులా చిమ్ముతుంది. చేయి కాలకుండా అందితే గ్యాస్ కట్టేసి మూత వేయండి. అందకపోతే దూరంగా వచ్చి అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి.

శుభ్రం చేసే రోజు సిలిండర్ కట్టేసి విడదీయండి. జాలీ, బర్నర్ల మీద ఉండే రేకులు బయటికి తీసి, తొట్టెలోని జిడ్డును ప్లాస్టిక్ గీకుడు పలకతో కింది పళ్లెంలోకి దింపండి. దాన్ని చెత్తలో వేయాలి, సింకులో పోయకూడదు. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లు చాలు. ఓవెన్ శుభ్రం చేసే ఘాటు మందులు వాడవద్దు, తొట్టె అల్యూమినియందైతే వాటిలోని క్షారం లోహాన్ని తినేస్తుంది. మూత లోపల పొరలు పొరలుగా ఊడేది రంగు అనుకుంటారు చాలామంది. అది గట్టిపడిన పొగ, జిడ్డు. రుద్ది తీసేయండి, లేకపోతే కంకుల మీదే రాలుతుంది.

ఇక బర్నర్లు. నెలల తరబడి వాడని గ్రిల్ గొట్టాల్లో సాలెపురుగులు గూడు కడతాయి. ఆ సన్నని గూడు అడ్డుపడితే గ్యాస్ వెనక్కి తన్ని, నాబుల కింద మంట పుడుతుంది. ప్రతి గొట్టాన్నీ బయటికి తీసి, పొడవాటి సన్నని బ్రష్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోనివ్వండి. రంధ్రాలను సన్నని తీగతో పొడవండి, పెద్దవి చేయకండి. వెలిగించాక మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగులో ఊగిసలాడుతుంటే ఇంకా ఎక్కడో అడ్డు ఉన్నట్టే.

సిలిండర్ తిరిగి బిగించాక, నాబులన్నీ కట్టి ఉంచి, దాని వాల్వ్ తెరిచి, సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ గొట్టానికీ అతుకులకూ సబ్బు నీళ్లు పూయండి. బుడగలు లేస్తే గ్యాస్ కారుతున్నట్టు, అది సరిచేసేదాకా వెలిగించవద్దు. సిలిండర్‌లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలి కన్నా బరువు, కిందికి చేరి నిలుస్తుంది. కాబట్టి చలికాలంలోనైనా సిలిండర్‌ను గరాజ్‌లో పెట్టవద్దు. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచండి. అంటుకోకపోతే కట్టేసి 5 నిమిషాలు ఆగండి. సిలిండర్ వాల్వ్ ఎప్పుడూ నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే లోపలి రక్షణ ఏర్పాటు గ్యాస్ కారుతోందనుకుని సరఫరా తగ్గించేస్తుంది. మంట నీరసంగా వస్తే బర్నర్ పాడైందని కంగారుపడక, అన్నీ కట్టేసి, సిలిండర్ విడదీసి, మళ్లీ బిగించి నిదానంగా తెరవండి.

మీరడిగిన జాలీ విషయానికి వస్తే, ఇనుప తీగల బ్రష్ కొననే కొనవద్దు. తెగిన తీగ ముక్క జాలీకి అంటుకుని, తిండితో పాటు గొంతులోకో పేగుల్లోకో వెళ్లి గుచ్చుకుంటుంది. 2012లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఇలాంటి గాయాల గురించి హెచ్చరించింది. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క మాట తప్పక పాటించండి. మూత వేసి 10 నుంచి 15 నిమిషాలు బాగా వేడెక్కనిచ్చి, అల్యూమినియం రేకును ఉండ చుట్టి పట్టకారతో పట్టుకుని రుద్దితే మాడు ఊడిపోతుంది. జాలీకి పింగాణీ పూత ఉండి అది పెచ్చులూడుతుంటే కొత్తది కొనడమే మేలు. పోత ఇనుముదైతే తుప్పు రుద్ది, కడిగి, ఆరబెట్టి, పలుచగా వేరుశనగ నూనె పూసి వేడి చేయండి. దోసె పెనాన్ని పదును చేసుకున్నట్టే. ఇత్తడి తోమే అలవాటుతో చింతపండు మాత్రం పెట్టకండి, ఆ పులుపుకు నూనె పొర ఊడి మళ్లీ తుప్పు పడుతుంది.

అత్తమామల కోసం పాత జాలీని ఎంత తోమినా వారి మనసు ఒప్పుకోకపోవచ్చు, అది న్యాయమే. ఒక కొత్త జాలీ కొని వారి కంకులకే కేటాయించండి. పని అయ్యాక దాన్ని విడిగా కడిగి, నూనె పూసి ఇంట్లోనే ఉంచుకోండి. వారు ఉన్నన్నాళ్లూ గ్రిల్ మీద మాంసం వండేటప్పుడు పాత జాలీ వేసుకుంటే సరిపోతుంది.