గ్యాస్ పట్టించే ముందు ఐస్ ఎక్కడ పేరుకుందో చూడండి

పర్లాకిమిడిలో మీ హోటల్ ఫోర్ డోర్ ఫ్రిజ్ కూలింగ్ తగ్గిందని, ఒక రోజంతా ఆపి వేస్తే కొన్నాళ్లు బాగా పనిచేసి మళ్లీ మొదటికొస్తోందని రాశారు. మెకానిక్ గ్యాస్ పట్టించాలంటున్నాడట. ఇప్పుడే ఒప్పుకోకండి. బరంపురంలో మా మెస్‌లోనూ ఇదే తంతు నడిచింది.

ఫ్రిజ్‌ను చల్లబరిచే ఈ గ్యాస్, బండిలో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసేసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది, దాన్ని మూయకుండా ఎంత నింపినా పోతుంది. పైగా గ్యాస్ తగ్గిన ఫ్రిజ్ ఒక రోజు ఆపినంత మాత్రాన బాగుపడదు. మీది బాగుపడుతోందంటే లోపల ఐస్ కరిగి, కాయిల్ (చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదుగా గాలి ఆడుతోందన్నమాట. ఫ్రీజర్ వైపు ఆ ఐస్ కరిగించడానికి హీటరు, టైమరు, సెన్సారు ఉంటాయి. వాటిలో ఏదో పోయి ఉంటుంది. లోపలి ఫ్యాన్ కవర్ విప్పించి మీరే చూడండి. కాయిల్ అంతా తెల్లగా గడ్డకట్టి ఉంటే ముందు డీఫ్రాస్ట్, అంటే ఆ ఐస్ కరిగించే ఏర్పాటు సంగతి చూడాలి. కాయిల్ మొదట్లో మాత్రమే కాస్త మంచు ఉండి మిగతాది ఖాళీగా ఉంటే అప్పుడు గ్యాస్‌ని అనుమానించాలి. మాది మొదటి రకం. హీటరు మార్చాక గొడవ వదిలింది.

డోర్ రబ్బరు కూడా చూడండి. కాగితం పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. వానాకాలం మన వైపు తేమ ఎక్కువ కదా, దూరిన తేమంతా లోపల ఐసే అవుతుంది. పొగలు కక్కే సాంబారు గిన్నె తెచ్చి లోపల పెట్టే అలవాటు మీ వాళ్లకుంటే అదీ మాన్పించండి.

రొయ్యలు పెట్టే డీప్ ఫ్రీజర్ సంగతి వేరు. మామూలు పెట్టె ఫ్రీజర్ అయితే ఐస్ దానంతటది కరగదు. అర సెంటీమీటరు మందం దాటగానే సరుకంతా ఐస్ వేసిన థర్మోకోల్ పెట్టెల్లోకి మార్చి, ప్లగ్ తీసి, మూత తెరిచి ఉంచండి. తొందరైతే లోపల వేడినీళ్ల గిన్నె పెట్టొచ్చు. కత్తి, అట్లకాడ మాత్రం తాకించొద్దు. గొట్టానికి చిల్లు పడితే ఫ్రీజరే పోతుంది, లోపలున్నవి ఆర్600ఏ, ఆర్290 రకం గ్యాసులైతే మండుతాయి కూడా. తుడిచి పూర్తిగా ఆరాక ఆన్ చేసి, మైనస్ 18 డిగ్రీలకు వచ్చాకే సరుకు పెట్టండి.

బయటి కాయిల్ నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపాలి, ముందు కరెంటు ఆపేసి. పొయ్యి దగ్గరుంటే నూనె జిడ్డు పట్టి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. బిల్లు చూస్తే టెన్షన్ వస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. తుఫాను కబురు రాగానే ఫ్రీజర్‌లో ఖాళీ చోట్ల నీళ్ల బాటిళ్లు పెట్టి గడ్డకట్టించండి. నిండా ఉన్న ఫ్రీజర్ మూత తెరవకపోతే 48 గంటల దాకా ఆగుతుంది, సగమే ఉంటే 24 గంటలే.

హీటరు కొనడానికి వెళ్లేటప్పుడు పాతది విప్పి వెంట తీసుకెళ్లండి. వాట్లూ పొడవూ రెండూ సరిపోవాలి.